వంద అడుగుల వరండా, ముప్పై మిల్లీమీటర్ల లెన్సు

(స్వర్ణోత్సవాల మొదటి రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పదో తరగతి ఏ సెక్షను గదిలో గోడకు పెట్టిన పొడుగు ఫోటోలు చూసి బయటికి వచ్చినవాళ్ళు పొద్దుటినించి నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. "ఇవి ఫోనుతో తీసినవేనా?" అని ఒకటి. "ఇంత వెడల్పు ఎలా పట్టిందండీ?" అని రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాట, కాదు అని. రెండోదానికి నాకిచ్చిన ఇరవై నిమిషాలూ సరిపోతాయో లేదో చూద్దాం.

ఆ ఫోటోలు తీసింది ఫిలిం కెమెరాతో. పేరు ఎక్స్‌పాన్. స్వీడన్‌లోని హాసెల్‌బ్లాడ్, జపాన్‌లోని ఫ్యూజీ కలిసి 1998లో తెచ్చిన కెమెరా అది. జపాన్‌లో ఫ్యూజీ దాన్నే టీఎక్స్-1 అని అమ్మింది. దాంట్లో వేసేది మనందరం ఎరిగిన మామూలు 35 ఎంఎం రోలే. పెళ్ళిళ్ళకీ, తిరుపతి ప్రయాణాలకీ కొనుక్కున్నామే, అదే. మామూలు కెమెరా ఆ ఫిలిం మీద 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పున్న బొమ్మ తీస్తుంది. ఎక్స్‌పాన్ అదే ఎత్తులో 65 మిల్లీమీటర్ల వెడల్పు బొమ్మ తీస్తుంది. అందుకని 36 బొమ్మల రోలు వేస్తే 21 మాత్రమే వస్తాయి. రోలు వెయ్యగానే కెమెరా ఫిలిమంతా ముందే బయటికి లాగేసుకుంటుంది. తరవాత బొమ్మ తీసినప్పుడల్లా ఆ ముక్కను డబ్బాలోకి చేరుస్తుంది. పొరపాటున ఎవరైనా వెనక మూత తీసినా తీసిన బొమ్మలు భద్రంగా లోపలే ఉంటాయి. పల్లెలో పంట కోసినంత మేరా ఏ రోజుకారోజు ఇంటికి చేర్చుకున్నట్టన్నమాట. నాకా ఏర్పాటు చాలా ఇష్టం.

ఇక్కడున్న పెద్దవాళ్ళకు ఇంకో రకంగా చెబుతాను. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమా వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోపు. పట్నం హాల్లో తెర రెండు పక్కలకీ విచ్చుకుంటుంటే మనం నోళ్ళు తెరుచుకుని చూశాం. ఆ వెడల్పు కోసం సినిమావాళ్ళు బొమ్మను పక్కలనించి నొక్కి ఫిలిం మీదికి ఎక్కించి, హాల్లో మళ్ళీ సాగదీసి తెర మీద వేసేవారు. ఎక్స్‌పాన్‌లో నొక్కడాలూ సాగదీయడాలూ ఏమీ లేవు. ఫిలిం మీదే అంత పొడుగు చోటు వాడుకుంటుంది. వెడల్పు ఎత్తుకు 2.7 రెట్లు, సినిమాస్కోపు కంటే ఇంకాస్త ఎక్కువే.

ఫోనులో కూడా పనోరమా వస్తుంది కదా అని మా తమ్ముడొకడు అన్నాడు. వస్తుంది. ఫోనును ఒక చివరనించి ఇంకో చివరకు తిప్పుతాం, అది ముక్కలు ముక్కలుగా తీసి అతుకుతుంది. ఎడమ చివర ఒక క్షణం, కుడి చివర ఇంకో క్షణం. మధ్యలో పిల్లవాడు పరిగెత్తితే సగం పిల్లవాడు పడతాడు, లేదా ముగ్గురు పిల్లలు పడతారు. ఈ కెమెరాలో షట్టరు ఒక్కసారే. వరండా ఈ చివరి గదిలోనించి తల బయటపెట్టిన పిల్లా, ఆ చివర బిందె దించుతున్న ఆయమ్మా ఒకే క్షణంలో ఉన్నవాళ్ళు. నాకు కావలసింది అది.

ఇప్పుడు అసలు సంగతికి, అంటే లెన్సుకి వస్తాను. ఈ కెమెరాకు మూడు లెన్సులున్నాయి: 90, 45, 30 మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. 90 ఎదురుగా దాదాపు నలభై డిగ్రీల మేర చూస్తుంది. 45 దాదాపు డెబ్భై రెండు. ముప్పైది తొంభై నాలుగు దాటుతుంది. తొంభై డిగ్రీలంటే ఎంతో తెలియాలంటే ఈ హాలు మూలలో వీపు ఆనించి నిలబడండి. మీ ఎడమ గోడ మొత్తం, కుడి గోడ మొత్తం, రెండూ మీ చూపులోకి వస్తే అది తొంభై. మెడ తిప్పకుండా మనిషి కూడా స్పష్టంగా చూడలేని వెడల్పది.

అంత వెడల్పు మామూలు కెమెరాకు 17 మిల్లీమీటర్ల లెన్సు పెట్టినా దాదాపు వస్తుంది. తేడా ఎక్కడంటే ఎత్తులో. ఆ 17 లెన్సు నిలువునా కూడా డెబ్భై డిగ్రీలు చూస్తుంది. అంటే పైన బోలెడు ఆకాశం, కింద బోలెడు నేల, మధ్యలో మనక్కావలసింది సన్నటి చారలా మిగులుతుంది. ఎక్స్‌పాన్ మీద 30 లెన్సు అడ్డంగా తొంభై నాలుగు చూసినా నిలువుగా చూసేది దాదాపు నలభై నాలుగే. అడ్డానికి అతి వెడల్పు, నిలువుకి మామూలు చూపు. ఈ రెండూ ఒకే బొమ్మలో కలవడంలోనే దీని బలమూ ఉంది, చిక్కూ ఉంది.

చిక్కుల్లో మొదటిది మట్టం. ఈ లెన్సుతోపాటు కెమెరా నెత్తిన తగిలించుకునే చిన్న వ్యూఫైండరు ఒకటి ఇస్తారు. కెమెరాలో ఉన్న కిటికీ 30 చూసినంత వెడల్పు చూపించలేదు. కాబట్టి కింది కిటికీలో ఫోకస్ చేసుకుని, పై కిటికీలో బొమ్మ చూసుకోవాలి. ఆ పై దాంట్లో చిన్న రసమట్టం బుడగ ఉంటుంది, మన తాపీమేస్త్రీల దగ్గరుండే లాంటిదే. దాన్ని అలంకారానికి పెట్టలేదు. కెమెరాను కాస్త పైకెత్తితే చాలు, బొమ్మ రెండు చివర్లా ఉన్న స్తంభాలు మధ్యకు వాలిపోతాయి. కాస్త దించితే బయటికి వాలతాయి. మామూలు లెన్సుతో కంటికి ఆనని వాలు దీంతో పడిపోతున్న ఇల్లులా కనిపిస్తుంది. గాలిగోపురం కింద నిలబడి ఈ లెన్సును పైకెత్తి ప్రయోజనం లేదు. బుడగ మధ్యలో ఉండాల్సిందే.

బుడగ మధ్యలో ఉందంటే దిగంతం బొమ్మకు సరిగ్గా సగంలో పడుతుంది. పైకీ కిందికీ జరపడానికి లేదు. మరి ఆకాశం తగ్గించాలన్నా నేల తగ్గించాలన్నా ఏం చెయ్యాలి? కెమెరాను వంచకుండా, మనమే ఎక్కాలి, లేదా దిగాలి. ఈ లెన్సు చేతికొచ్చాక నేను ఎక్కని బల్ల లేదు, గోడ లేదు.

మన పాత భవనం సంగతి చెబితే ఇదంతా అర్థమవుతుంది. వచ్చే వేసవిలో దాన్ని తీసేస్తున్నారని మీకందరికీ తెలుసు. పెంకులు జారిపోతున్నాయి, దూలాలకు చెదలు. పిల్లల ప్రాణాలకంటే మన జ్ఞాపకాలు ఎక్కువ కాదు, ఆ నిర్ణయం మీద నాకు ఫిర్యాదు లేదు. కూలగొట్టేలోపు ముందువైపు మొత్తం ఒక్క బొమ్మలో, వంకర లేకుండా ఉండాలనుకున్నాను. టేపు పెట్టి కొలిచాను. వరండా ఈ చివరనించి ఆ చివరకు నూరడుగులు. ఎదురుగా ప్రహరీ గోడ ఉంది, గోడ అవతల ఎవరివో ఇళ్ళు. వెనక్కి జరగడానికి నాకున్న చోటు యాభై అడుగుల లోపు.

ఇది లెక్కల మాస్టారు సంతోషించే లెక్క. 65 మిల్లీమీటర్ల ఫిలిం మీద నూరడుగులు పట్టాలంటే, లెన్సు మిల్లీమీటర్లను నూరుతో హెచ్చించి 65తో భాగిస్తే ఎంత దూరంలో నిలబడాలో వస్తుంది. 90 లెన్సుకు దాదాపు 138 అడుగులు. 45కు 69. రెండూ గోడ అవతలే. 30కి 46 అడుగులు. గోడకు వీపు ఆనించుకునే దూరం. అంటే మన బడి ముఖం మొత్తాన్ని ఒక్క క్షణంలో చూడగల లెన్సు నా దగ్గర అదొక్కటే.

లెన్సు అటూ ఇటూ తిరుగుతూ తీసే పనోరమా కెమెరాలు వేరే ఉన్నాయి. జపాన్ వైడ్‌లక్స్, రష్యా హొరైజన్ అలాంటివి. వాటికి ఇంకా ఎక్కువ వెడల్పు పడుతుంది. కానీ ఎదురుగా ఉన్న తిన్నటి వరండాను అవి ధనుస్సులా వంచేస్తాయి. మధ్యలో ఉబ్బి, చివర్లు సన్నబడతాయి. నదులకూ కొండలకూ ఆ వంపు తెలియదు. దూలాలకూ స్తంభాలకూ తెలుస్తుంది. తిన్నటి గీతను తిన్నగా ఉంచేది కదలని లెన్సే.

సరే, 46 అడుగుల దగ్గర నేల మీద నిలబడి చూస్తే ఏముంది? కంటి ఎత్తు ఐదడుగులు. బొమ్మలో కింది మూడో వంతుకు పైగా ఉత్త నేల. పెంకుల కొప్పు బొమ్మ పై అంచుకు దాదాపు తగులుతోంది. కొప్పు నేలనించి ఇరవై అడుగులు. వంచడానికి లేదు కాబట్టి ఎక్కాలి. పక్క వీధిలో ఒక రైతు ట్రాక్టరు ట్రాలీ అడిగి తెప్పించాను. ట్రాలీ మీద స్టాండు వేస్తే లెన్సు తొమ్మిది అడుగులకు లేచింది. అప్పుడు నేల పావు వంతుకు తగ్గింది, భవనం సగానికి కాస్త ఎక్కువ, పైన ఐదో వంతు ఆకాశం. నాలుగడుగులు లేస్తేనే ఆ బొమ్మ బొమ్మయింది. గోడ మీద అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది అదే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మన భవనం తూర్పు ముఖం. పొద్దున్నే ముందువైపు ఎండ పడుతుంది, బొమ్మకు మంచిదే. కానీ సూర్యుడు నా వెనక ఉంటాడు. ఇంత వెడల్పు చూసే లెన్సు ముందు నా నీడ, ట్రాలీ నీడ, స్టాండు నీడ అన్నీ పొడుగ్గా పడుకుంటాయి. సూర్యుడు ఇరవై రెండు డిగ్రీలు దాటి పైకి లేచాక ఆ నీడ బొమ్మ కింది అంచు దాటి బయటికి పోతుంది. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర అది ఎనిమిదిన్నర ప్రాంతం. దాకా ట్రాలీ మీద టీ తాగుతూ కూర్చోవడమే.

ఇక వెలుగు. వెడల్పు లెన్సుల్లో బొమ్మ మధ్యలో పడినంత వెలుగు అంచుల్లో పడదు. కిరణాలు ఏటవాలుగా, దూరం నడిచి వస్తాయి. శాస్త్రం ప్రకారం, ఆ కోణం కొసైన్‌ను నాలుగుసార్లు హెచ్చించినంత. ఈ లెన్సు అంచు దగ్గర లెక్క వేస్తే మధ్యలోని వెలుగులో ఐదో వంతే వస్తుంది. లెన్సు చేసేవాళ్ళు తమ తెలివితో కొంత సర్దుతారు. అయినా తేడా మిగులుతుంది. దానికి విరుగుడుగా సెంటర్ ఫిల్టరు అని ఒక అద్దం ఇస్తారు. నడుమ పొగచూరినట్టు నల్లగా, అంచులకు పోయేకొద్దీ తేటగా ఉంటుంది. లాంతరు చిమ్నీకి పట్టిన మసిని అద్దం మధ్యలో గుండ్రంగా రాసినట్టు ఊహించుకోండి. మధ్య వెలుగును కొంత మింగి అంచులతో సమం చేస్తుంది.

అసలే ఈ లెన్సు పూర్తిగా తెరిచినా ఎఫ్/5.6. ఫిల్టరు పెట్టాక ఇంకా మందం. ముందునించి వెనక దాకా స్పష్టంగా ఉండాలని ఎఫ్/16కు మూస్తే, 100 స్పీడు ఫిలిం మీద పొద్దుటి ఎండలో కూడా సెకనులో పదిహేనో వంతు పట్టింది. చేత్తో పట్టుకుని తీసే పని కాదు. స్టాండు ఉండాలి, ట్రాలీ మీద ఎవరూ కదలకూడదు. టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాణ్ణి కూడా ఆపేశాను.

ఫిల్టరు ఎప్పుడూ పెట్టాలని కొందరంటారు. నేనొప్పుకోను. భవనం లాంటి బొమ్మకు పెట్టాల్సిందే. చివరి గదులు చీకట్లో పడితే ఆ గదుల్లో చదివినవాళ్ళకు అన్యాయం. అంచులు కాస్త నల్లబడితే చూపు నడుమనున్న మనిషి మీదికి పోయే బొమ్మలూ ఉంటాయి. అక్కడ అది తీసేస్తాను. ఆకాశాన్ని నీలంగా చేసే పోలరైజరు మాత్రం ఈ లెన్సుకు ఎప్పుడూ పెట్టొద్దు. తొంభై డిగ్రీల ఆకాశంలో ఒకచోట నీలం ముదిరి, ఇంకోచోట తెల్లగా ఉండి, దుప్పటికి మరక పడినట్టుంటుంది.

ఇంతవరకూ విన్నవాళ్ళకు, వెడల్పు లెన్సంటే ఎక్కువ పట్టించే లెన్సనే అభిప్రాయం కలగొచ్చు. వెనక్కి జరిగే చోటు లేనప్పుడు అవును, నిజమే. చోటుంటే మాత్రం అది తప్పు వాడకమని నా అనుభవం. రాజమండ్రిలో గోదావరి ఒడ్డుకు ఎవరు కెమెరా తీసుకెళ్ళినా ఉన్నదాంట్లో అన్నిటికంటే వెడల్పు లెన్సు తగిలిస్తారు. నది వెడల్పు కదా మరి. 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన అన్నీ ఒక్క బొమ్మలో రావాలని ఆశ. వస్తాయి, అగ్గిపుల్లల్లా వస్తాయి. ఈ లెన్సు దూరాన్ని ఇంకా దూరం చేస్తుంది. గోదావరికి నేను 90 తగిలిస్తాను. అప్పుడు వంతెన కమానులు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా, బరువుగా నిలబడతాయి. 30 తగిలించేది రేవు మెట్ల మీద కూర్చున్న మనిషి దగ్గరకు నాలుగడుగుల్లోకి వెళ్ళినప్పుడు.

చెక్ దేశంలో పుట్టిన జోసెఫ్ కూడెల్కా అని గొప్ప ఫోటోగ్రాఫరున్నారు. 1986లో ఫ్రాన్సులో డాటార్ అనే ప్రభుత్వ సంస్థ పని మీద పనోరమా కెమెరా పట్టుకుని, తరవాత ఏళ్ళ తరబడి దాన్ని వదల్లేదు. 1994లో వచ్చిన ఆయన బ్లాక్ ట్రయాంగిల్ పుస్తకంలో బొహీమియా బొగ్గు గనులు తవ్వి పాడుచేసిన నేలలుంటాయి. అందమైన లోయలూ సూర్యాస్తమయాలూ ఉండవు. పొడుగు బొమ్మ అంటే క్యాలెండరు బొమ్మే అనుకునేవాళ్ళు అది ఒకసారి చూడాలి. దగ్గరున్న మట్టీ రాళ్ళూ మన కాళ్ళ దగ్గరనించి మొదలవుతాయి.

ఆ దగ్గరతనం గురించే ఆ గదిలో రెండో బొమ్మ ఉంది. వేపచెట్టుకు వేలాడే మన గంట. గంటంటే ఏముంది, రెండడుగుల రైలు పట్టా ముక్క. దానికి ఆరడుగుల దూరంలో కెమెరా పెట్టాను, నేల మీదే, ఈసారి ట్రాలీ లేదు. ఆరడుగుల్లో ఉన్న రెండడుగుల పట్టా ఫిలిం మీద పది మిల్లీమీటర్లు వచ్చింది. వెనక 46 అడుగుల్లో ఉన్న ఇరవై అడుగుల భవనం పదమూడు మిల్లీమీటర్లు. అంటే పట్టా ముక్క, బడి దాదాపు ఒకే ఎత్తున నిలబడ్డాయి. మన చిన్నప్పుడు ఆ పట్టా అంత పెద్దదేగా మరి. అది మోగితే బడి మొత్తం కదిలేది. ఫోకస్ తొమ్మిదడుగుల దగ్గర పెట్టి ఎఫ్/16కు మూస్తే పట్టా మీద తుప్పూ, వెనక పెంకులూ రెండూ తేటగా వచ్చాయి.

ఆ పట్టా పక్కన నిలబడ్డ మనిషిని మీరంతా గుర్తుపట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా దాన్ని మోగించిన మన అటెండరు బాబాయి. ఇవాళ కూడా సభకు వచ్చారు, వెనక తలుపు దగ్గర కూర్చున్నారు, ముందుకు రమ్మంటే రారు. ఆయన్ని ఆ బొమ్మలో నడిమధ్యకు కాస్త పక్కగా, పద్దెనిమిది డిగ్రీల లోపల నిలబెట్టాను. దానికో కారణముంది.

ఈ లెన్సు తిన్నటి గీతల్ని తిన్నగా ఉంచుతుంది కదా, దానికి బదులు ఒకటి తీసుకుంటుంది. గుండ్రటి వాటిని అంచుల్లో సాగదీస్తుంది. మధ్యలో నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంటుంది. అంచులో అదే నిమ్మకాయ కోడిగుడ్డవుతుంది. మనిషి తల కూడా గుండ్రటిదే. ముప్పై డిగ్రీల దాకా సాగు పదిహేను శాతమే, కంటికి పెద్దగా తెలియదు. చివరి అంచుకొచ్చేసరికి తల వెడల్పు దాదాపు ఒకటిన్నర రెట్లు. పట్టా ముక్కకు నష్టం లేదు, అది ఇనుము. మనిషికి నష్టం.

ఆ గదిలో పాత గ్రూపు ఫోటోలు కూడా పెట్టారు, ఒక్కో పదో తరగతిదీ. అన్నీ స్టూడియోవాళ్ళు మామూలు కెమెరాతో తీసినవే. మధ్యలో కుర్చీలో హెడ్మాస్టరుగారు, అటూ ఇటూ మాస్టార్లు, వెనక బల్లల మీద పిల్లలు. చివర ఎవరున్నారో ఈసారి చూడండి. ఒక చివర అటెండరు బాబాయి, ఇంకో చివర కుండల్లో నీళ్ళు పోసే ఆయమ్మ. ఒక ఫోటోలో అట్ట అంచు కింద ఆవిడ భుజం సగం మునిగిపోయింది. ఇంకోదాంట్లో బాబాయి మొహం మసక. ఎవరూ కావాలని చేసింది కాదు. చివర నిలబడేవాళ్ళు ఎప్పుడూ వాళ్ళే కాబట్టి, చివర్లలో లెన్సు చేసేదంతా వాళ్ళకే జరిగింది. అతి వెడల్పు లెన్సుతో అయితే సాగడం, నల్లబడటం ఇంకా ఎక్కువ. అందుకే దీంతో మనుషుల్ని తీసేటప్పుడు అంచుల్లో చెట్టో, స్తంభమో, గోడో పెడతాను. మనిషిని పెట్టను.

ఈ సంగతి మీద మన కమిటీలో పోయిన నెల పెద్ద చర్చే జరిగింది. కొందరు అన్నయ్యలు పట్టుబట్టారు, రేపటి గ్రూపు ఫోటో ఈ 30 లెన్సుతోనే తియ్యాలి, భవనం మొత్తం రావాలి, మనమంతా రావాలి, అన్నీ ఒకే బొమ్మలో ఉండాలి అని. కోరిక న్యాయమైనదే. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. 46 అడుగుల దూరంలో మనిషి తల ఫిలిం మీద అర మిల్లీమీటరు. దాన్ని నాలుగడుగుల పొడుగు ప్రింటు చేసినా మొహం సెంటీమీటరుకు లోపే. యాభై ఏళ్ళ తరవాత మనవరాలు వచ్చి "ఇందులో మా తాతయ్య ఎవరు?" అనడిగితే, వేలు పెట్టి చూపించే చోట వేలి కింద నలుగురు తాతయ్యలుంటారు. అందరూ పట్టాలంటే ఒక్కొక్కరు చిన్నబోవాలి, ఈ లెన్సులో దానికి మినహాయింపు లేదు.

అదే 45 తగిలించి, మనుషుల్ని వరండా మధ్య యాభై అడుగుల్లోనే నిలబెడితే నేను దాదాపు ముప్పై అయిదడుగుల దగ్గరికి రావచ్చు. మొహం రెట్టింపవుతుంది. సాగు కూడా తగ్గుతుంది. భవనం చివరి గదులు పోతాయి, నిజమే. అందుకే వాటిని విడిగా ట్రాలీ మీదనించి తీసి పెట్టాను. భవనానికి ఒకటి, మనకొకటి. అరగంట వాదించుకున్నాక అధ్యక్షులవారు "సరే, రెండు తియ్యి" అన్నారు. అలా తేలింది.

ఇంకో విషయం. ఫోటో అనగానే మన పెద్దలు నెలవంకలా వంపుగా నిలబడటం మొదలుపెడతారు. ఆ అలవాటుకు మూలం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో సర్క్యూట్ అనే పెద్ద కెమెరా ఉండేది. స్టాండు మీద తనే గుండ్రంగా తిరుగుతూ బళ్ళవీ, పటాలాలవీ గ్రూపు ఫోటోలు తీసేది. అది తిరుగుతుంది కాబట్టి అందరూ దానికి సమాన దూరంలో, వంపుగా నిలబడాలి. అప్పుడే వరస తిన్నగా పడుతుంది. అల్లరి పిల్లలు ఎడమ చివర ఫోటో పడ్డాక వెనకనించి పరిగెత్తి కుడి చివర కూడా పడేవారట. కదలని లెన్సు ముందు ఇది తలకిందులు. వంపుగా నిలబడితే చివరివాళ్ళు లెన్సుకు మరీ ముందుకొచ్చి రాక్షసుల్లా పడతారు. తిన్నగా, తాడు కట్టినట్టు నిలబడితే చివరివాళ్ళ ఎత్తూ మధ్యవాళ్ళ ఎత్తూ ఒకటే వస్తుంది. కాబట్టి వంపు వద్దు. పరిగెత్తే ఆలోచన ఉన్నవాళ్ళు కూడా మానుకోండి, ఉపయోగం లేదు.

ల్యాబుల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను, పిల్లల్లో ఎవరైనా ఈ దారిలోకి వస్తే పనికొస్తుంది. నెగటివు ఇచ్చేటప్పుడు కవరు మీద ఎర్ర సిరాతో "కొయ్యవద్దు" అని రాయండి. మిషన్లకు 36 మిల్లీమీటర్ల బొమ్మే తెలుసు. కొలత ప్రకారం టక్కున కోస్తే మీ వరండా రెండు ముక్కలవుతుంది. రోలు రోలుగానే తీసుకుని ఇంట్లో కత్తెరతో కోసుకోండి. స్కానుకు పెద్ద ఫిలిం పట్టే స్కానరు కావాలి. కెమెరా కొనాలనుకుంటే, తయారీ 2006లోనే ఆగిపోయిందని గుర్తుంచుకోండి. లోపల అంతా ఎలక్ట్రానిక్సు, బాగుచేసేవాళ్ళు తక్కువ, ధర మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఇంకా పెద్ద ఫిలిం మీద తీసే లిన్‌హాఫ్, ఫ్యూజీ 6×17 కెమెరాలున్నాయి. 120 రోలుకు నాలుగే బొమ్మలు. నాలుగు బొమ్మలకు ఒక రోలంటే మా ఆవిడ ఒప్పుకోదు.

రేపటి ఏర్పాటు చెబుతాను, దయచేసి వినండి. ఫోటో సాయంత్రం నాలుగున్నరకు. పొద్దున్న పెడితే ఎండ మీ కళ్ళలో పడుతుంది, అందరూ కళ్ళు చికిలించుకుంటారు. సాయంత్రమైతే భవనం నీడ మీ మీద ఉంటుంది, మొహాలు మెత్తగా వస్తాయి. వరండా మెట్ల మీద మూడు వరసలు, వరసకు ముప్పై మంది. ఎక్కువైతే రెండో బ్యాచీగా మళ్ళీ తీస్తాను, రోలులో 21 ఉన్నాయి, కంగారు లేదు. ఎడమ చివర గుమ్మం స్తంభం దాటి ఎవరూ నిలబడొద్దు, కుడి చివర నోటీసు బోర్డు దాటొద్దు. సుద్దముక్కతో గీత గీసి ఉంచుతాను. మధ్యలో ఐదు కుర్చీలు వేయిస్తున్నాం. మూడింట్లో మాస్టార్లు కూర్చుంటారు. మిగతా రెండు అటెండరు బాబాయికీ ఆయమ్మకీ. బాబాయ్, వెనకనించి చెయ్యి ఊపి వద్దంటే కుదరదు. పద్నాలుగేళ్ళప్పుడు మీరు గంట కొడితే నేను ఏనాడూ ఆలస్యంగా రాలేదు. రేపు నేను పిలుస్తాను, మీరు రండి.